ఆజంజాహి తర్వాత

(మట్టెవాడలో ఇచ్చిన ఆచార్య కొత్తపల్లి జయశంకర్ స్మారకోపన్యాసం పాఠం)



జయశంకర్ సార్ 1934 ఆగస్టు 6న అక్కంపేటలో పుట్టారు. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు కూడా 1934దే. సార్ అర్థశాస్త్రం చదువుకున్నారు, అదే పాఠంగా చెప్పారు, 1970ల రెండో సగంలో ఇక్కడికి దగ్గరలోనే ఉన్న సీకేఎం కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అప్పటికి మిల్లు చేతులు మారింది. 1974లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని ఖాయిలా మిల్లులతోపాటు దాన్నీ జాతీయం చేసి నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్‌కు (ఎన్‌టీసీకి) అప్పగించింది. తెలంగాణ గురించి మాట్లాడేటప్పుడు సార్ ఆవేశానికి ముందు లెక్క చెప్పేవారు. ఇక్కడ రాబడి ఎంత, అందులో ఇక్కడ ఖర్చయింది ఎంత, మిగిలింది ఎటు పోయింది. ఆ ప్రశ్నలనే ఈ సాయంత్రం నేను పత్తిని, బట్టను అడుగుతాను.

పారిశ్రామిక విధానం అనగానే మనకు ఢిల్లీ, ప్రణాళికా సంఘం, బడ్జెట్ ప్రసంగాలు గుర్తుకొస్తాయి. విధానం మంచిదో కాదో తేలేది మాత్రం ఊళ్లోనే. అందుకని ఒక్క ఊరిని, ఒక్క పంటను పట్టుకొని మాట్లాడతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పరిశ్రమ పెట్టడానికి కావలసిన డబ్బు, భూమి, రాజకీయ పట్టుదల మనకు ఏదో ఒక కాలంలో దొరుకుతూనే వచ్చాయి. పెట్టినదాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా ఉంచే ఏర్పాటు, అందులో నేర్చిన పని ఊళ్లో నలుగురికీ పాకే ఏర్పాటు మాత్రం ఎవరూ చేయలేదు. ఈ ప్రాంతం శంకుస్థాపనల కొరతతో వెనకబడలేదు.

మిల్లు వరంగల్‌కే ఎందుకు వచ్చింది? నిజాం రైలు 1886లో వరంగల్ చేరింది, 1889లో బెజవాడతో కలిసింది. 1929లో కాజీపేట, బల్లార్షా లైను పూర్తయ్యాక ఈ ఊరు ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య కూడలి అయింది. సింగరేణి బొగ్గు పక్కనే. చుట్టూ నల్లరేగడి, అందులో పత్తి. వీటన్నిటికీ మించి ఇక్కడ తరతరాలుగా మగ్గం తెలిసిన చేతులున్నాయి. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. ఇంకా వెనక్కి పోతే, కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు జప్తు చేసుకునేవారు. ఇకమీదట ఆ పని చేయం, సుంకం ముప్పైకి ఒకటి మాత్రమే తీసుకుంటాం అని ఆ శాసనం హామీ ఇచ్చింది. ఆ శతాబ్దం చివర్లో మోటుపల్లి గురించి రాసిన మార్కోపోలో అక్కడి సన్నబట్టను మెచ్చుకున్నాడు. ఓరుగల్లు రాజు ఆలోచించిన వాణిజ్య విధానం అది. వ్యాపారి భయం ఎక్కడుందో కనిపెట్టి, ఆ భయాన్ని తీసేసి, పన్ను తేల్చి చెప్పాడు. మన పిల్లల అర్థశాస్త్రం పుస్తకాల్లో ఈ శాసనం ఉండాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

నిజాం ప్రభుత్వం 1929లో కోటి రూపాయలతో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ఏర్పాటు చేసింది. ఆ కాలాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. వెట్టిచాకిరీని, జాగీర్దార్ల దోపిడీని మరచిపోయి ఆ పాలన గురించి మాట్లాడే హక్కు వరంగల్‌లో ఎవరికీ లేదు. కాని ఆ నిధి పనిచేసిన తీరు చూడాలి. ప్రభుత్వం వాటాలు కొనేది, అప్పులిచ్చేది, వచ్చిన రాబడిని మళ్లీ మరో పరిశ్రమలో పెట్టేది. ఆజంజాహి మిల్లు, బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ, సిర్పూర్ కాగితం మిల్లు ఆ దశాబ్దంలో వరసగా లేచాయి. మన దేశానికి అప్పటికి స్వాతంత్ర్యం లేదు, ప్రణాళికా సంఘం లేదు. అయినా ఒక సంస్థానం తన ముడిసరుకు ఎక్కడుంటే అక్కడ కార్ఖానా పెట్టింది: చెరకు ఉన్నచోట చక్కెర, వెదురు ఉన్నచోట కాగితం, పత్తి ఉన్నచోట బట్ట.

నిజాం పెద్దకొడుకు ఆజంజా పేరు పెట్టుకున్న ఈ మిల్లు వరంగల్‌ను మార్చేసింది. దూది లోపలికి పోతే బట్ట బయటికి వచ్చే మిల్లు అది. బ్లోరూంలో బేళ్లు విప్పేవారు, కార్డింగులో ఏకేవారు, స్పిన్నింగులో వడికేవారు, వీవింగులో నేసేవారు. మూడు షిఫ్టులు, మూడు సైరన్లు. మట్టెవాడ ఇళ్లల్లో గడియారం లేనివాళ్లు సైరన్ విని పొయ్యి ముట్టించేవారు. షిఫ్టు దిగి వచ్చేవాళ్ల కనుబొమ్మల మీద, చెవుల మీద దూది నూగు కనిపించేది. ఆ నూగు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లూ ఉన్నారు, మిల్లు జ్ఞాపకాలు చెప్పుకునేటప్పుడు ఆ దగ్గును వదిలిపెట్టకూడదు. కాని నెల జీతం, ప్రావిడెంట్ ఫండ్, యూనియన్, లేబర్ కాలనీలో ఇల్లు, పిల్లలకు హైస్కూలు చదువు, ఇవన్నీ భూమి లేని వేల కుటుంబాలకు మొదటిసారి దక్కింది ఆ గేటు లోపలే. వెట్టి చేసిన తండ్రికి పుట్టిన కొడుకు మిల్లు గేటు ముందు బోనస్ కోసం నినాదం ఇచ్చాడు. ఒక తరంలో మనిషి ఇంత దూరం నడవడం మామూలు మాట కాదు.

మరి ఆ మిల్లు ఎందుకు చచ్చిపోయింది? యూనియన్ల వల్ల అని ఒకరు, ప్రభుత్వం వల్ల అని ఒకరు, ఆంధ్ర పాలకుల వల్ల అని ఒకరు అంటారు. నా దృష్టిలో కారణం మరింత లోతులో ఉంది. 1950ల నుంచి మన జౌళి విధానం మిల్లులను పెరగనివ్వలేదు. చేనేతను కాపాడాలన్న ఉద్దేశంతో మిల్లుల్లో కొత్త మగ్గాలు పెట్టడాన్ని కట్టడి చేశారు. ఉద్దేశం గొప్పది. ఫలితం వేరు. మిల్లుకు పెట్టిన అడ్డు చేనేతకు కంచె కాలేదు, ఆ ఖాళీలోకి పవర్‌లూమ్ వచ్చి కూర్చుంది. భివండి, మాలేగావ్, సూరత్, ఇచల్‌కరంజి పెరిగింది అట్లాగే. పవర్‌లూమ్ షెడ్డులో ప్రావిడెంట్ ఫండ్ లేదు, ఎనిమిది గంటల షిఫ్టు లేదు, అందుకే అక్కడి బట్ట చవక. చట్టం పాటించే మిల్లూ నష్టపోయింది, చేత్తో నేసే నేతగాడూ నష్టపోయాడు.

దానిమీద కంట్రోలు బట్ట. పేదలకు చవగ్గా ఇవ్వడానికి మిల్లులు తమ ఉత్పత్తిలో కొంత భాగం నిర్ణీత ధరకు నేయాలన్న నిబంధన 1960ల్లో వచ్చింది. 1978 తర్వాత ఆ బాధ్యతను ప్రైవేటు మిల్లుల మీదనుంచి తీసి ఎన్‌టీసీ మిల్లులకు, చేనేతకు అప్పజెప్పారు. అంటే ప్రభుత్వం ఖాయిలా మిల్లును తీసుకొని, దానికి కొత్త యంత్రాలు కొనడానికి చాలినంత డబ్బివ్వకుండా, లాభం రాని బట్ట నేసే పని దాని నెత్తిన పెట్టింది. చెట్టుకు నీళ్లు పోయకుండా కాయలు కోసుకున్నట్టు జరిగింది. పాత కదుర్లమీద ఎంత వడికినా నూలు నాణ్యత కోయంబత్తూరు నూలుతో తూగదు. అక్కడి మిల్లు యజమాని లాభంలో కొంత తీసి యంత్రాలు మార్చుకుంటూ వచ్చాడు. ఇక్కడ యంత్రం మార్చాలంటే ఫైలు ఢిల్లీ పోయి రావాలి. యంత్రాల ఆధునికీకరణకు వడ్డీ రాయితీ ఇచ్చే కేంద్ర పథకం 1999లో వచ్చింది. అప్పటికి ఎన్‌టీసీ అనుబంధ సంస్థలు చాలావరకు ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందు నిలబడి ఉన్నాయి.

1991 జూలై 24న నూతన పారిశ్రామిక విధానం పార్లమెంటు ముందుకొచ్చింది. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు నర్సంపేట పక్కన లక్నేపల్లిలో పుట్టిన మన మనిషి, పరిశ్రమల శాఖ కూడా ఆయన దగ్గరే ఉండేది. కొద్ది పరిశ్రమలకు తప్ప లైసెన్సు అక్కర్లేదన్న ఆ నిర్ణయం చేయవలసిందేనని నేను నమ్ముతాను. బంగారం తాకట్టు పెట్టుకున్న దేశానికి వేరే దారి లేదు, లైసెన్సు రాజ్యం పేదవాడికి మేలు చేసిందీ లేదు. కాని తలుపు తెరిచేటప్పుడు లోపల ఉన్నవాళ్లను ఎక్కడ కూర్చోబెడతామన్నది కూడా విధానమే. దానికోసం 1992లో జాతీయ పునరుద్ధరణ నిధి పెట్టారు. ఉద్యోగం పోయిన కార్మికుడికి కొత్త పని నేర్పి మళ్లీ నిలబెట్టడం ఆ నిధి లక్ష్యాల్లో ముఖ్యమైనది. ఆచరణలో దాని డబ్బు అత్యధికం స్వచ్ఛంద పదవీ విరమణకే, అంటే మనిషిని ఇంటికి పంపడానికే ఖర్చయింది. వరంగల్‌లో ఆ చెక్కు అందుకున్నవాళ్లు బిడ్డ పెళ్లి చేశారు, పాత అప్పు తీర్చారు, ఆ తర్వాత కిరాణా కొట్టు పెట్టారు, ఆటో నడిపారు, వాచ్‌మన్‌గా కుదిరారు. ఇరవై ఏళ్లు రింగ్‌ఫ్రేమ్ బాగుచేసిన ఫిట్టర్ చేతిలోని విద్యకు ఎవరూ విలువ కట్టలేదు. మిల్లు మూతపడింది, యంత్రాలు తుక్కుగా పోయాయి, నేల ప్లాట్లయింది. ఆ నేలలోనే కొంతభాగంలో జిల్లా కలెక్టరేట్‌కు 2023లో శంకుస్థాపన జరిగింది.

ఇదంతా తప్పించలేనిదని నేను ఒప్పుకోను. 2014లో ఆగిపోయిన సిర్పూర్ కాగితం మిల్లును 2018లో కొత్త యాజమాన్యం తిరిగి నడిపించింది. 1999లో మూతపడ్డ రామగుండం ఎరువుల కార్ఖానాను కొత్త ప్లాంటుతో మళ్లీ కట్టి 2022 నవంబరులో జాతికి అంకితం చేశారు. పట్టించుకుంటే బతికాయి. అదే కాలంలో మంగపేట దగ్గర కమలాపురం రేయాన్ ఫ్యాక్టరీ, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఆగిపోయాయి. కాజీపేటకు 1980ల్లో మాటిచ్చిన రైలు కోచ్ ఫ్యాక్టరీ కపుర్తలాకు పోయింది. మళ్లీ కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు పునాదిరాయి పడింది 2023 జూలై 8న. ఒక మనిషి ఆ ఆశతోనే చదువు ముగించి, ఉద్యోగం వెతుక్కొని, రిటైరయ్యేంత కాలం అది.

ఇప్పుడు పత్తి లెక్క. నవంబరులో ఎనుమాముల యార్డుకో, ఏదైనా జిన్నింగ్ మిల్లు గేటు దగ్గరికో వెళ్లి నిలబడండి. ట్రాలీల్లో, బొలెరోల్లో పత్తి వస్తుంది. కొనే మనిషి చెయ్యి లోపలికి దూర్చి అడుగునుంచి గుప్పెడు లాగి తేమ మిషన్ పెడతాడు. 8 శాతం లోపైతే పూర్తి ధర. 8 దాటితే ఒక్కో శాతానికి కోత. 12 దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ కొనదు, ప్రైవేటు వ్యాపారి చెప్పిందే ధర. మంచు పడే రోజుల్లో పొద్దున ఏరిన పత్తికి 12 దాటడం ఎంతసేపు? ఏరిన కూలీలకు రైతు కిలో చొప్పున అప్పటికే ఇచ్చేశాడు, బండి కిరాయి ఇచ్చేశాడు. వెనక్కి తోలుకుపోయే రైతు ఉండడు.

కోత పడలేదనే అనుకుందాం. 2024-25లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. క్వింటాలు పత్తి జిన్నింగులో వేస్తే దాదాపు 34 కిలోల దూది వస్తుంది, తక్కింది గింజ. 170 కిలోల బేలు కట్టాలంటే 5 క్వింటాళ్లు కావాలి. అంటే ఒక బేలుకు రైతుకు ముట్టేది 37,605 రూపాయలు. విత్తనం, ఎరువు, మందు, కూలి, కౌలు, వడ్డీ అన్నీ ఇందులోంచే. తరుగు పోను ఆ బేలులో సుమారు 500 చొక్కాల బట్ట ఉంటుందని నా అంచనా. చొక్కాకు 75 రూపాయలు రైతు వాటా. ఆ చొక్కా మీరు ఎంత పెట్టి కొన్నారో మీకు తెలుసు. నడుమ ఉన్నదంతా వడికిన కూలి, నేసిన కూలి, రంగు, కుట్టు, రవాణా, వడ్డీ, లాభం. తెలంగాణలో 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి పండుతుంది. ఆ పత్తి మనదగ్గర జిన్నింగు దాకా పోయి, బేళ్లుగా లారీ ఎక్కి తమిళనాడుకో, గుజరాత్‌కో, మహారాష్ట్రకో వెళ్లిపోతుంది. 1997-98లో పురుగు, అప్పు కలిసి వరంగల్ జిల్లా పత్తి రైతులను పొట్టనబెట్టుకున్న రోజులు ఈ సభలో చాలామందికి కళ్లారా తెలుసు. ఆ రైతు పంట ప్రపంచ మార్కెట్‌కు కట్టుబడి ఉంది, ఆ పంటతో వచ్చే ఉద్యోగాలు మాత్రం అతని పిల్లలకు అందుబాటులో లేవు.

దూది వెళ్లిన దారినే మనుషులూ వెళ్లారు. షోలాపూర్‌లో, భివండిలో, సూరత్‌లో మన పద్మశాలీలు తరాలుగా మగ్గాలు నడుపుతున్నారు. వాళ్లు చేతగాక వెళ్లినవాళ్లు కారు, చేతిలో పని ఉండి వెళ్లినవాళ్లు. ఇక్కడే ఉన్నవాళ్లలో వరంగల్ కొత్తవాడ నేతగాళ్లు జంపఖానాలను పట్టుకొని నిలబడ్డారు. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చింది సరే, నూలు? చేనేతకు కావలసిన చిలప నూలును స్పిన్నింగ్ మిల్లులు తమ ఉత్పత్తిలో ఇంత భాగం తప్పక తీయాలన్న నిబంధన ఉంది. అది ఒకప్పుడు 50 శాతం, 2003లో 40, 2019లో 30 అయింది. పత్తి జిల్లాలో కూర్చున్న నేతగాడు బయటినుంచి వచ్చే నూలు ధర ఎప్పుడు పెరుగుతుందోనని భయపడుతున్నాడు.

దీనికి ఎదురుగా ఒక ఉదాహరణ చెప్పాలి. 1970ల చివర్లో బంగ్లాదేశ్‌లో దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ దక్షిణ కొరియా దేవూ సంస్థతో ఒప్పందం చేసుకుంది. 130 మందిని పూసన్ నగరానికి పంపి ఆర్నెల్లు పని నేర్పించింది. కుట్టడం ఒక్కటే కాదు, సరుకు ఎక్కడ కొనాలి, లెటర్ ఆఫ్ క్రెడిట్ ఎట్లా తెరవాలి, విదేశీ కొనుగోలుదారుతో ఎట్లా మాట్లాడాలి అన్నీ నేర్చుకున్నారు. తర్వాత కొన్నేళ్లలో వాళ్లలో 115 మంది ఆ కంపెనీ వదిలి సొంత కార్ఖానాలు పెట్టారు, ఇతరుల కార్ఖానాల్లో చేరారు. కంపెనీకి అది నష్టమే. దేశానికి అదే పరిశ్రమ అయింది. పత్తి పెద్దగా పండని దేశం ప్రపంచానికి చొక్కాలు కుడుతోంది. ఆ పెరుగుదలలో మనుషుల ప్రాణాలను లెక్కచేయకపోతే ఏమవుతుందో కూడా అదే దేశం చూసింది. 2013 ఏప్రిల్ 24న రాణాప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ముందు రోజు గోడలకు పగుళ్లు కనిపించినా మర్నాడు లోపలికి పంపారు.

కొరియా పేరు ఊరికే తేలేదు. గీసుకొండ, సంగెం మండలాల్లో 2017 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు వచ్చినవాళ్లలో దక్షిణ కొరియా యంగ్‌వన్ ఉంది. 1980లో చిట్టగాంగ్‌లో అడుగుపెట్టిన సంస్థే అది. కేరళ నుంచి కైటెక్స్ వచ్చింది, గణేశా ఎకోస్ఫియర్ వచ్చింది. కేంద్రం జౌళి పార్కుల కోసం తెచ్చిన పీఎం మిత్ర పథకాన్ని దీనికి జోడించింది. సూరత్, భివండి, షోలాపూర్ వెళ్లిన మనవాళ్లను వెనక్కి తేవడం ఈ పార్కు లక్ష్యమని మొదలుపెట్టినప్పుడే చెప్పారు. నేను దీన్ని మనసారా స్వాగతిస్తున్నాను. ఆజంజాహి తర్వాత ఇంత పెద్ద ప్రయత్నం ఈ జిల్లాలో జరగలేదు. స్వాగతిస్తున్నాను కాబట్టే ఇంకా అడుగుతున్నాను. అక్కడ కుట్టుమిషన్ల ముందు కూర్చునే ఆడపిల్లలు పదేళ్ల తర్వాత కూడా అవే మిషన్ల ముందు ఉంటారా, లేక సూపర్‌వైజర్లు, కటింగ్ మాస్టర్లు, ఎగుమతిదారులు అవుతారా? ఒప్పందాల్లో దానిమీద ఒక్క వాక్యమైనా ఉండాలి కదా.

ఢిల్లీ విధానం ఎటు లాగుతుందో కూడా చూడండి. విదేశీ పత్తి మీద 2021లో 11 శాతం దిగుమతి సుంకం వేశారు. అమెరికా మన సరుకు మీద సుంకాలు పెంచినప్పుడు, 2025 ఆగస్టులో, మిల్లులను ఆదుకోవడానికి ఆ 11 శాతాన్ని ఎత్తేశారు, ఆ మినహాయింపును డిసెంబరు చివరిదాకా పొడిగించారు. సరిగ్గా మన రైతు పత్తి ఏరే నెలలవి. మిల్లుకు చవక దూది కావాలి, అది నిజం. రైతుకు ధర కావాలి, అదీ నిజం. మిల్లు కోయంబత్తూరులో, రైతు పరకాలలో ఉంటే ఈ ఇద్దరూ ఒకరికొకరు శత్రువుల్లా కనిపిస్తారు. వడికే మిల్లు పత్తి చేను పక్కనే ఉండి, దాని వాటాల్లో రైతు సంఘానికి చోటుంటే, దూది దగ్గర పోయింది నూలు దగ్గర కొంతైనా తిరిగి వస్తుంది. మహారాష్ట్రలో చెరకు రైతులు సహకార చక్కెర మిల్లులు కట్టుకున్నది ఇదే ఆలోచనతో.

అందుకని ప్రభుత్వం పార్కులో రాయితీ పొందే ప్రతి కంపెనీతో కొన్ని షరతులు రాయించుకోవాలని నా కోరిక. ఇచ్చే రాయితీలో ఒక భాగం విడిగా నిధిగా ఉండి యంత్రాల మార్పుకే ఖర్చు కావాలి, 1974లో జరిగిన పొరపాటు మళ్లీ జరగకుండా. సూపర్‌వైజర్ స్థాయి శిక్షణ ఇక్కడి పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలకు ఇవ్వాలి. రంగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు నడుస్తోందో లేదో ప్రతి నెలా గ్రామసభలో చెప్పాలి, లేకపోతే పక్క ఊళ్ల చెరువులు పోతాయి. మట్టెవాడ నుంచి, గీసుకొండ ఊళ్ల నుంచి రాత్రి షిఫ్టుకు వెళ్లే అమ్మాయిలకు బస్సు కంపెనీ బాధ్యతగా ఉండాలి. ఒక స్పిన్నింగ్ యూనిట్ అయినా చిలప నూలు తీసి కొత్తవాడ సహకార సంఘాలకు మిల్లు ధరకే ఇవ్వాలి. ఇవన్నీ రాయితీ విడుదలకు ముందే కాగితం మీదికి రావాలి, తర్వాత అడిగితే వినేవాళ్లుండరు. నేత సంఘాల పెద్దలు ఇక్కడే ఉన్నారు. చిలప నూలు సంగతి మీకు కంఠోపాఠం కాబట్టి, మొదటి వినతిపత్రం దానిమీదే రాసి కలెక్టర్‌గారికి ఇవ్వండి. రాయడంలో సాయం కావాలంటే నేను కూర్చుంటాను.